దోసెల బండి పక్కనే మా ఇల్లు

దేశమంతా అడ్రసులు ఒకే పద్ధతిలో ఉండాలట. పోయిన నెల ప్రొద్దుటూరులో మా వీధికీ సర్వే వాళ్లు వచ్చి రాసుకుపోయారు. 'గుర్తు' అన్న గడిలో వీధంతా ఒకే మాట చెప్పాం: బుజ్జక్క దోసెల బండి పక్కన.

ఈ రోజు సరిచూడటానికి వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, బండి కాడనే ఉండా. ఈడ మీ ఇల్లు లేదు. లేదని రాసుకుంటాండా."

బుజ్జక్క బండిని బస్టాండుకు మార్చి వారమైంది! గోడలున్న ఇల్లు లేదట, చక్రాలున్న బండి ఉందట. పరుగెత్తాను. బుజ్జక్కే సాక్ష్యం చెప్పింది.

"ఈయప్పకు ఇల్లుందిమ్మా. ఇన్నేండ్లు ఆ గోడ పక్కనే గదా నేను దోసెలు పోసింది."

ఆ అమ్మాయి నమ్మి, ట్యాబులో దిద్దింది. ఇప్పుడు మా ఇంటి అధికారిక గుర్తు: "పాత దోసెల బండి స్థలం".

మీ ఇంటి గుర్తు ఉన్నచోటే ఉందా? ఓసారి బయటికెళ్లి చూసి చెప్పండి.