పగటిపూట వెళ్ళే మనిషి

పక్కింటి అన్న పోయిన కబురు నాకు ఫోన్‌లో రాలేదు, ఫైర్ స్టేషన్ వాళ్ళిచ్చిన పేజర్‌లో వచ్చింది. గుండెనొప్పి, స్పృహ లేదు అంటూ కాల్స్ అందరికీ పంపే డిస్పాచర్ అడ్రస్ చదువుతోంది. నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. అలవాటుగా సౌండ్ తగ్గించి, అన్న వెళ్తాడులే అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు గాని అది అన్న ఇంటి నంబరేనని తట్టలేదు. అప్పటికి రెండు నిమిషాలు పోయాయి. లాన్ మీదుగా పరిగెత్తి, అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. ఆయన కళ్ళు తెరవలేదు.

అమెరికాలో హెర్న్‌డన్‌కి గంట దూరంలో ఉన్న మా ఊళ్ళో ఫైర్ స్టేషన్ నడిపేది జీతం లేని వాలంటీర్లే. మంటలకే కాదు, గుండెనొప్పులకీ యాక్సిడెంట్లకీ అంబులెన్స్ కంటే ముందు చేరేది వాళ్ళే. సాయంత్రాలు, శనాదివారాలు బోలెడుమంది ఉంటారు. పనిరోజుల్లో పగలు మాత్రం అందరూ ఉద్యోగాలకి పోతే, ఇంటినుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునే అన్నా నేనే మిగిలేవాళ్ళం.

నన్ను అందులోకి లాగింది ఆయనే. మా బట్టలు ఆరబెట్టే డ్రైయర్‌లోంచి పొగ వచ్చిన రోజు, గొట్టంలో పేరుకున్న పీచు గుప్పెడు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంత చదువుకున్నవ్, ఇది తియ్యాల్నని తెల్వదా?" అని చీవాట్లు పెట్టి, ఆ వెంటనే "బుధవారం ట్రైనింగుంది, రా" అన్నాడు. వెళ్ళక తప్పింది కాదు.

అన్నం నిలబడే తినేవాడు. మీటింగ్ మధ్యలో పేజర్ మోగితే సాకులు చెప్పకుండా, ఫైర్ కాల్ ఉందని చెప్పి లేచేవాడు. రెండుసార్లు ప్రమోషన్ చేజారింది. "పోతే పోయింది తియ్" అనేవాడు. ఒక్కసారి మాత్రం, కారు టైరు మారుస్తూ తలెత్తకుండానే, "నాకు బాధ లేదనుకుంటున్నవా?" అని అడిగాడు. నేను స్పానర్ అందించాను.

నాకు ఆ ధైర్యం లేదు. మేనేజర్ ఒకసారి గట్టిగానే హెచ్చరించాడు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. అన్నకి చెబితే, "నాది సిటిజన్‌షిప్, నీది వీసా. మీటింగుంటే కూసో. నేను పోత" అన్నాడు. ఆ మాట పట్టుకుని రెండేళ్ళు కూర్చున్నాను. ఇది చదివి మీరు నన్ను తిట్టుకున్నా తప్పులేదు.

ముందే వచ్చినా లాభం ఉండేది కాదని హాస్పిటల్‌లో అన్నారు. నాకది ఎక్కలేదు. పదకొండో రోజు కర్మ కూడా అయిపోయింది గాని, వదినకి ఆ రెండు నిమిషాల సంగతి చెప్పలేకపోయాను. ఇంట్లో కాలు నిలవడం లేదు. ఇక మానేస్తానని స్టేషన్‌కి మెయిల్ రాసి, పంపకుండా ఉంచాను.

మొన్న గురువారం పొద్దున పదకొండింటికి, మీటింగ్‌లో ఉండగా, పేజర్ మళ్ళీ మోగింది. పాత హైవే మీద కారు బోల్తా, లోపల మనిషి. నేనొస్తున్నానని ఎవరైనా పలుకుతారేమోనని విన్నాను. ఎవరూ పలకలేదు. "ఫైర్ కాల్, వెళ్ళాలి" అన్నాను. మేనేజర్ ఏదో అంటుండగానే ల్యాప్‌టాప్ మూసేశాను.

బయటికొస్తే వదిన వాళ్ళింటి ముందు నిలబడి ఉంది. అన్న పేజర్ ఆవిడ ఇంకా ఆపలేదు. కారు తలుపు తీసి కూడా ఎక్కలేకపోయాను.

"వదినా, ఆ రోజు నేను..."

"ఎరికే. అంబులెన్స్‌కి ఫోన్ చేసుకుంట కిటికీలకెల్లి మీ ఇంటి దిక్కు చూసిన. నువ్వు కూసొనే ఉన్నవ్" అంది. గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు. "ఇప్పుడు పో."

ఇంటి చెప్పులతోనే రోడ్డు మధ్యకి నడిచి, ఎదురొస్తున్న డెలివరీ వ్యాన్‌ని నా కారుకి దారి వదిలేలా చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. నేను మలుపు తిరిగేదాకా అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఆ చెయ్యి దించలేదు.