పేర్లు అడగని గది

తూర్పు సముద్రం నడుమ మా దీవుల్లోని డాలీగంజ్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల సాయిలక్ష్మి ఉంటుంది. వయసు నలభై ఏడు. తండ్రి యర్రయ్య శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ సముద్రంలో వల వేసినవాడు. తల్లి గవరమ్మ గోల్ ఘర్ సందుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి. వాళ్ల కూతురు ఇవాళ దేశం మొత్తం మీద విమానాల రద్దీని సర్దే వ్యవస్థలో మా దీవుల బృందానికి పెద్ద. తెలుగు బోర్డులు మాత్రం ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతుంది. నేను వెక్కిరిస్తే, "చదవడం రాకపోతేనేం రావు భయ్యా, తిట్టడం వచ్చు కదా" అంటుంది. అది నిజమేనని ఆమె కింద పదకొండేళ్లుగా పనిచేస్తున్న నేను, తిరుమలరావుని, ఎక్కడైనా సాక్ష్యం చెప్పగలను.

విమానాన్ని దించేది మేమేనని చాలామంది అనుకుంటారు. కాదు, దించేవాళ్లు టవర్‌లో ఉంటారు. మాది అంతకు ముందు జరిగే పని. మా ఊళ్లో ఏ గంటకు ఎన్ని విమానాలు దిగగలవో లెక్కగట్టి, మిగిలినవాటిని చెన్నైలోనో కోల్‌కతాలోనో నేల మీదే ఆపించమని ఢిల్లీలోని కేంద్రానికి చెప్పాలి. నేల మీద ఆగితే జనం విసుక్కుంటారు, అంతే. వచ్చాక వాన పడుతుంటే గాల్లో చక్కర్లు కొట్టాలి. దగ్గర్లో దిగడానికి వేరే ఊరు లేదు. మళ్లీ రెండు గంటలు సముద్రం దాటి వెనక్కి పోవాల్సిందే. అందుకని ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మా గదిలోనే తేలిపోవాలి.

ఆ గదిలో సాయిలక్ష్మి పెట్టిన నియమం ఒకటుంది. విమానంలో ఎవరున్నారని ఎవరూ అడగకూడదు. ఫోన్లు బయట సొరుగులో పడెయ్యాలి. ఖర్మకాలి మనవాళ్లెవరో ఉన్నారని తెలిసిందా, తెలిసినవాడు కుర్చీలోంచి లేచి బయటికి పోవాలి. వాడి పని పక్కవాడు చూస్తాడు. పెద్ద నగరాల వాళ్లు వింటే నవ్వుతారు. వాళ్లకేం, లక్ష మంది దిగినా ఒక్కడూ తెలిసినవాడు ఉండడు. ఇక్కడ ఏ విమానం తలుపు తీసినా ఒక మేనమామ, ఒక టీచరు, ఒక పాలవాడు దిగుతారు. ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర బోటు టిక్కెట్టుకి వరసలో నిలబడ్డా సరే, "దీదీ, రేపు మావాళ్లొస్తున్నారు, కాస్త చూడు, జర దేఖ్ లేనా" అని ఎవరో ఒకరు ఆమె చెయ్యి పట్టుకుంటారు.

ఈ నియమం పుట్టడానికి కారణం నేనే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. తొమ్మిదేళ్ల కిందట మా బావమరిది నూకన్న తన తండ్రి పెద్దకర్మకి చెన్నై నుంచి వస్తున్నాడు. కొడుకు లేకుండా ఆ కార్యం ఎలా జరుగుతుందని నా బాధ. మబ్బు ఇంకా విడవలేదని తెలిసీ, విడిచిపోతుందిలే అని అతని విమానాన్ని ముందుకు జరిపాను. అది వచ్చి మా నెత్తి మీద ముప్పావు గంట తిరిగింది. కార్యం జరుగుతున్న పందిట్లోకి ఆ చప్పుడు వినిపించిందట. తర్వాత చెన్నైకి తిరిగి వెళ్లిపోయింది. నూకన్నతో పాటు నూట డెబ్బై మందికి ఆ రోజు వృథా. సాయిలక్ష్మి నా మీద పైకి రాసి పంపలేదు కానీ ఆ తిట్లు మా ఆవిడ కూడా తిట్టలేదు. మర్నాడే నియమం పెట్టింది.

ఇక పోయిన జూలై సంగతి.

తెల్లారినప్పటి నుంచీ వాన. పొద్దున్నే దిగిన విమానాలు కదల్లేక ఉన్న చోటల్లా ఆక్రమించుకుని కూర్చున్నాయి. ఒంటిగంట నుంచి రెండు దాకా తెరిపి ఇస్తుందనీ, తర్వాత సాయంత్రం దాకా నమ్మకం లేదనీ వాతావరణ శాఖ చెప్పింది. ఆ గంటలో మూడు విమానాలకే చోటు. రావలసినవి నాలుగు. చెన్నై, బెంగళూరు విమానాలు వేళ ప్రకారం ముందున్నాయి, వాటితో పేచీ లేదు. మూడో చోటు కోల్‌కతాకా, వైజాగ్‌కా? రెండింటి వేళా ఒకటే. పదకొండు లోపల ఢిల్లీకి చెప్పాలి. అప్పటికి పదీ నలభై అయింది.

అప్పుడు ఆఫీసు ఫోన్ మోగింది. తీసింది నేను. గవరమ్మ. ఆవిడ గొంతు ఈ పడవ నుంచి ఆ పడవకి వినపడేలా తయారైన గొంతు. రిసీవర్ చెవికి దూరంగా పెట్టుకున్నా గదంతా విన్నది.

"రావుబాబూ, మా లచ్చిమికి సెప్పు! పిల్ల వైజాగ్ ఫ్లైట్ కాడ కూకుందట. సర్టిఫికెట్టు నిన్ననే సేతికొచ్చిందట. నాలుగ్గంటల్లోపు ఆఫీసుకెల్లి సూపించకపోతే నౌకరీ గయా అంటంది. తల్లి తిడతాదని నాకు సెప్పింది. ఫ్లైటొస్తాదా, రాదా?"

పిల్ల అంటే సాయిలక్ష్మి ఒక్కగానొక్క కూతురు కళ్యాణి. ఓడల విభాగంలో ఉద్యోగానికి రెండేళ్లు చదివి పరీక్ష పాసైంది. ఒరిజినల్ సర్టిఫికెట్ కోసం వైజాగ్‌లో తను చదివిన కాలేజీకి వెళ్లింది. అక్కడ ఆలస్యమైంది. పరిశీలనకి ఆ రోజే ఆఖరు.

నేను ఫోన్ పెట్టేసి సాయిలక్ష్మి వైపు చూశాను. ఆమె ముఖం పాలిపోయింది. రెండు క్షణాలు తెర మీద ఆ నాలుగు విమానాల గీతల్నే చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది.

"ధనరాజూ, ఇటు వచ్చి కూర్చో. ఆ నాలుగు విమానాలూ నువ్వే చూడు."

ధనరాజుకి ముప్పై ఏళ్లు, మా దగ్గర చేరి రెండేళ్లు. ఒంటరిగా అంత లెక్క ఎప్పుడూ తేల్చలేదు. "దీదీ, ఇవాళ వద్దు. మీరే చూడండి, ప్లీజ్. ఎవరేమంటారు?" అన్నాడు.

"ఎవరూ అనరు. అందుకే లేస్తున్నా. కూర్చో."

వెళ్లి అద్దం తలుపు అవతల వరండాలో బల్ల మీద కూర్చుంది. కనీసం మా వైపు తిరిగి కూర్చుంటే ముఖం చూసి ఏదో ఒకటి అర్థం చేసుకునేవాళ్లం. మా వైపు వీపు పెట్టి కూర్చుంది.

రెండింటి వేళా ఒకటే కదా, వైజాగ్‌ని వేస్తే తప్పేముంది, ఎవడికి నష్టం? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నూకన్న గుర్తొచ్చాడు. నోరు మూసుకున్నాను.

ధనరాజు రెండు విమానాల వివరాలూ పక్కపక్కన తెరిచాడు. చెమట తుడుచుకున్నాడు. కోల్‌కతా సిబ్బంది పొద్దున నాలుగింటికే పనిలోకి ఎక్కారు. ఇంకో గంట ఆపితే వాళ్ల డ్యూటీ వేళ అయిపోతుంది, ఆ విమానం ఇక ఎగరదు. వైజాగ్ వాళ్లకి ఇంకా వేళ ఉంది. సాయంత్రం తెరిపిస్తే రావచ్చు, లేకపోతే రేపు పొద్దున్న. వాడు చూసింది అదొక్కటే. పదకొండుకి నాలుగు నిమిషాల ముందు ఢిల్లీకి చెప్పాడు. చెన్నై, బెంగళూరు, కోల్‌కతా.

మూడూ దిగాయి. కోల్‌కతా విమానం చక్రాలు నేల తాకిన పావుగంటకి మళ్లీ వాన కమ్మేసింది. సాయంత్రం తెరిపి రాలేదు.

సాయిలక్ష్మి లోపలికొచ్చి ధనరాజు రాసిన కారణం మొదటి నుంచి చివరిదాకా చదివింది. వాడు తల వంచుకుని నిలబడ్డాడు.

"సరిగ్గా చేశావు," అంది. "నీ పేరు స్పష్టంగా రాయి. నాది రాయకు."

ఆ తర్వాత బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. ఏడ్చిందని మా అందరికీ తెలుసు. నేనూ ఏడ్చేవాణ్ణే, కాకపోతే ధనరాజుకి టీ పొయ్యాల్సొచ్చింది.

మర్నాడు తొమ్మిదింటికి కళ్యాణి దిగింది. సాయిలక్ష్మి సెలవు పెట్టింది. నాకు డ్యూటీ లేదు కాబట్టి తోడు వెళ్లాను. ఆటోలో నేను డ్రైవర్ పక్కన, తల్లీకూతుళ్లు వెనక. ఉద్యోగం వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని బయటికే చూస్తోంది. గోల్ ఘర్ దాటాక అంది.

"అమ్మమ్మ చెప్పింది. నేనున్నానని తెలిసి కుర్చీలోంచి లేచి వెళ్లిపోయావట."

"అవును."

"ఊరందరికీ నువ్వే పెద్ద. ఫ్లైట్లు నువ్వే ఆపుతావు, నువ్వే వదుల్తావు. నాకోసం ఒక్కసారి కూర్చోలేకపోయావా?"

సాయిలక్ష్మి పిల్ల ఒళ్లో ఉన్న ఫైలు వైపు చూసింది.

"సచ్ బోల్ అమ్మా, నిజం చెప్పు. కుర్చీలోనే ఉండుంటే ఎవర్ని రప్పించేదానివి?"

"నిన్నే," అంది సాయిలక్ష్మి. ఆ మాటకి క్షణం కూడా ఆలోచించలేదు. "కోల్‌కతా వాళ్లందర్నీ ఆపేసి నిన్నే రప్పించేదాన్ని. ఏ కారణం రాయాలో కూడా అప్పుడే తట్టేసింది నాకు. అందుకే లేచి వెళ్లిపోయాను బేటా."

అద్దంలో నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. కళ్యాణి తల్లి వైపు తిరిగింది. ఫైలు తీసి పక్కన పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుంది. కోపం పోయిందని నేను చెప్పను. ఇల్లొచ్చేదాకా ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.