సగం చిటికె మేత

మా ఎదురు క్వార్టర్ టీచరమ్మ పోయింది. పొద్దున్నే భద్రాచలం దవాఖానా నుంచి ఫోన్ వచ్చింది. గుండె జబ్బని తెలుసు, అయినా ఈ మాట వినడానికి నేను తయారుగ లేను. సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. బడిల ఎంతమందికి చెప్పిందో గని, మణుగూరుల ఆమె చివరి శిష్యురాలు మా అమ్మ.

నాయిన పోయినంక అమ్మ మా దగ్గరికి వచ్చింది. పెట్టింది తినేది, గోడకు తిరిగి పండుకునేది. మాటే లేదు. ఏం చేయాల్నో తెల్వక అద్దాల తొట్టి, కొన్ని చేపలు తెచ్చిన. అమ్మ ఇటు తిరిగింది. మా ఆయన సంబురపడి అడవి వాగు నీళ్ళు క్యాన్లల్ల తెచ్చి నింపిండు. ఇగ అమ్మకు పొద్దంత మేత ఏసుడే పని.

కొన్నాళ్ళకే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవబట్టినై. ఒకటి వెల్లకిల పడ్డది. అమ్మ మళ్ళ గోడకు తిరిగింది. మా ఆయనది సత్తుపల్లి దిక్కు, వాళ్ళకు చేపల చెరువులుండేవి. చెరువుకు కొట్టినట్టే దీనికీ సున్నం కొడితే నీళ్ళు బాగైతయని గిన్నెల కలిపిండు. తోడు పెరుగు కోసం వచ్చిన టీచరమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నది.

"ఆగు బిడ్డా. నేను గిట్లనే సున్నం పోసి బడిల తొట్టి మొత్తం చంపిన."

ఇంటికి పోయి లిట్మస్ కాగితం తెచ్చి ముంచింది. నీలం కాస్తా ఎర్రగైంది. నిమ్మళంగ చెప్పుకొచ్చింది. చేపల పెంట, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా పుడతది. దాన్ని తినే సూక్ష్మజీవులు కొత్త తొట్టిల ఇంకా ఉండవు. ఆకులు నానిన వాగు నీళ్ళు పులుపు, ఆ పులుపుల అమ్మోనియా చాలావరకు అంత హాని చెయ్యని రూపంల ఉంటది. సున్నం పడి పులుపు విరిగితే అదే విషమై మొప్పలల్ల దిగుతది. "పాము పండుకొని ఉన్నది, లేపకు" అన్నది. అట్లని పండుకున్న పామును ఇంట్ల ఉంచుకుంటమా అని ఆమెనే నవ్వింది. రోజూ కొన్ని నీళ్ళు తీసి మళ్ళ వాగు నీళ్ళే పొయ్యాలె, మేత తగ్గించాలె, ఓపిక పట్టాలె. తన పాత తొట్టిల గులకరాళ్ళు గుప్పెడు తెచ్చి ఏసింది. సూక్ష్మజీవులు వాటికి అంటుకొని వస్తయంట. మీ ఇంటి తోడుకు మా ఇంటి తోడు అన్నది.

అమ్మకు మాత్రం ఒకటే పని చెప్పింది. చిటికెడు తియ్యాలె, సగం ఏసి, సగం మళ్ళ డబ్బాల పొయ్యాలె. అమ్మ చెయ్యి ఆగేది కాదు. అందుకే టీచరమ్మ రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూసునేది. చాయల చక్కెర వద్దంటనే రెండుసార్లు ఏయించుకునేది. ఒకనాడు అమ్మ కోపానికొచ్చింది. "పాపం, అవి ఆకలిగొనవా వదినా?" అన్నది. నెలల తర్వాత అమ్మ నోట వచ్చిన మొదటి మాట అది. నేను వంటింట్లకు పోయి ఏడ్చిన. టీచరమ్మ ఏమీ కానట్టే, "ఆకలికి చావవు వదినా, మన ప్రేమకు చస్తయి" అన్నది. మా అమ్మను నాకు తిరిగి ఇచ్చింది ఆమెనే.

అందుకే ఫోన్ పెట్టేసినంక ఏడుపు కన్నా ముందు భయమైంది. అమ్మ మళ్ళ గోడకు తిరుగుతదేమో అని. ఎట్లనో చెప్పిన. అమ్మ మంచం దిగి తొట్టి దగ్గరికి పోయింది. చేపలన్నీ అద్దం కాడికి వచ్చినై. చిటికెడు మేత తీసి సగం రాల్చింది. మిగిలిన సగం వేళ్ళల్ల పట్టుకొని, తాళం ఏసిన ఎదురింటి తలుపు దిక్కు చూసుకుంట నిలబడ్డది. అటెన్క దాన్ని డబ్బాల పోసి మూత పెట్టింది.