గట్టుకి ఇటు పడి అటు పడని వాన

మేస్టారు పోయారన్న వార్త వచ్చేసరికి నేను చీపురుపల్లిలో జెరాక్సు షాపు ముందు నిలబడి ఉన్నాను. ఫోను చేసింది మా నాన్న.

"ఎక్కడున్నావురా? ఇంగ్లీషు మేస్టారు పోనారు. పొద్దున్న టీ తాగి అరుగు మీద కూకున్నోరు కూకున్నట్టే వాలిపోనారంట. బేగి వచ్చీ."

నా చేతిలో నాలుగు కాగితాలున్నాయి. ఆ సాయంత్రం ఆయనకి చూపిద్దామని వాటికి రెండో ప్రతి తీయిస్తున్నాను. చివరి కాగితం అప్పుడే మెషీను లోంచి బయటికి వచ్చింది, ఇంకా వేడిగా ఉంది. "ఇంకోటి తియ్యమంటావా?" అని షాపతను అడిగాడు. అక్కర్లేదన్నాను. నిజానికి ఆ రెండోది కూడా ఇక అక్కర్లేదు.

అప్పటికి మేస్టారితో నేను మాట్లాడి ఏడాది కావస్తోంది. ఎందుకు మాట్లాడలేదో దాచిపెట్టి ఆయన్ని పొగడటం నా వల్ల కాదు. ఆయన నాకు నేర్పింది అలా పొగడకూడదనే. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

హైస్కూల్లో ఆయన మాకు ఇంగ్లీషు చెప్పేవారు. నేను వెనక బెంచీ. పదో తరగతి ఇంగ్లీషు నాకు రెండోసారి గాని అందలేదు. ఆ తర్వాత చదువు నడవలేదు కానీ చదవడం ఆగలేదు. సంతలో, స్టేషన్లో, మీటింగుల్లో ఎవరు ఏ కరపత్రం పంచినా తెచ్చుకుని అక్షరం వదలకుండా చదివేవాణ్ణి. కొన్నాళ్ళకి నేనే రాయడం మొదలెట్టాను. మా ఊరి రోడ్డు గురించి రాసిన మొట్టమొదటి కరపత్రం పట్టుకుని, అప్పటికే రిటైరై ఇంటి దగ్గరుంటున్న మేస్టారి దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకుంటారనే వెళ్ళాను.

ఆయన అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివారు. "ప్యాచీ" అన్నారు. కాగితం తిరిగి ఇచ్చేశారు.

ఆ మాట నాకు తెలీదు. ఇంటికొచ్చి ఫోనులో వెతికితే అక్కడక్కడ బాగుండి అక్కడక్కడ బాగోనిది అని వచ్చింది. నాకు అందులో బాగోనిది అన్నదొక్కటే కనబడింది. తెల్లారాక దెబ్బలాటకి వెళ్ళాను.

"బాగోలేదని తెలుగులో సెప్పొచ్చు గదండి, ఇంగ్లీషెందుకు?"

ఆయన నవ్వలేదు. గొడుగు తీసుకుని "పద" అన్నారు.

ఆ గొడుగు గురించి చెప్పాలి. నల్ల గుడ్డ, కర్ర పిడి, కింద పొడుగాటి ఇనప మొన. ఎండకి గాని వానకి గాని దాన్ని ఆయన విప్పగా నేను చూడలేదు. వాన వెలిశాక చేల మీదికి బయల్దేరి, మొనని నేలలోకి గుచ్చి పదును ఎంత లోతు దిగిందో చూసేవారు. తడి ఉన్నంత మేరా మొన దిగుతుంది, పొడి తగిలితే ఆగిపోతుంది. ఆగిన చోట బొటనవేలు ఆనించి పైకి లాగి, ఆ వేలు తియ్యకుండా ఇంటిదాకా నడిచొచ్చి వాళ్ళావిడకి చూపించేవారు. "ఇంత" అనేవారు. మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ వంట గుమ్మంలోంచి చూసి "అయితే ఇంకో వాన కావాలి" అనో, "సాల్లెండి" అనో తీర్పు చెప్పేవారు. వాళ్ళకి సెంటు భూమి లేదు. ఊరందరి చేలకీ ఆ తీర్పు.

ఆ రోజు నన్ను తీసుకెళ్ళింది ఒక మొక్కజొన్న చేను దగ్గరికి. విత్తనం ఒక పక్క గుబురుగా లేచింది, మధ్యలో బోడి నేల, మళ్ళీ ఆ చివర నాలుగు సాళ్ళు బలంగా ఉన్నాయి.

"ఈ సేను బాగున్నాదా?" అన్నారు.

"లేదండి."

"ఆ నాలుగు సాళ్ళూ?"

"అవి బాగున్నాయి."

"మరి బాగోలేదన్నావేటి? ఆ నాలుగు సాళ్ళూ ఏం పాపం సేసినాయి? నీ కరపత్రమూ అలగే ఉన్నాది. బురదలో మీ నాయినమ్మ జారిపడింది రాసావు సూడు, అది ఆ నాలుగు సాళ్ళు. మిగతాది ఎవరో అరిసింది నువ్వు మళ్ళీ అరిసావు."

ఆ మాట ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఆయన గట్టు మీద నడుస్తూనే చెప్పారు. ఒక కాయ కుళ్ళితే ఆ మాట అనకూడదు. పరుచుకుని ఉన్నదానికే అనాలి. చేనుకి అనొచ్చు, సున్నం వేసిన గోడకి అనొచ్చు, ఫోను సిగ్నలుకి, మనిషి జ్ఞాపకానికి, గడిచిపోయిన ఏడాదికి అనొచ్చు. "నీ గెడ్డానికీ అనొచ్చు" అని నా మొహం వైపు చూశారు. అప్పుడు నాకు గెడ్డం బుగ్గ మీద ఒక చోట వచ్చి ఇంకో చోట రాలేదు. దాని మీద నాకు చాలా గౌరవం ఉండేది. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఇంకో మాట అన్నారు, దాని బరువు నాకు అప్పుడు తెలియలేదు. "ప్యాచీ అని ఊరుకున్నావనుకో, అది బద్ధకం. ఆ మాట అన్నాక ఎక్కడ బాగున్నాదో ఎక్కడ లేదో ఏలెట్టి సూపించాల. సూపించలేకపోతే అనకు."

అప్పట్నుంచి రోజూ సాయంత్రాలు ఆయన అరుగు మీదే. పేపరు చదివించేవారు, నా రాతలు దిద్దేవారు. కోపం వచ్చిన చోట గీత పెట్టి "ఇక్కడ నీకు విషయం తెలీదు, అందుకే గొంతు పెంచావు" అనేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, స్కూల్లో ఉన్నప్పుడు నాకివన్నీ ఎందుకు చెప్పలేదని. గొడుగు పిడి తిప్పుతూ చెప్పారు.

"నా పాఠం ప్యాచీరా. ముందు బెంచీల మీద బాగానే కురిసింది. వెనక్కి సూస్తే టైము సాలదని వెనక్కి సూడలేదు. నువ్వు వెనక బెంచీ."

తన పనిని అంత నిజంగా కొలుచుకున్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఇక పోయిన ఏడాది సంగతి. మండలాఫీసు ఆవరణలో వాన కొలిచే డబ్బా ఉంటుంది. అందులో కావలసినంత నీళ్ళు పడ్డాయి కాబట్టి లెక్క ప్రకారం వాన పడినట్టే. మా ఊళ్ళో ఆ వాన ముక్కలు ముక్కలుగా పడింది. రోడ్డు పక్కనున్న మా నాన్న మొక్కజొన్న మీద అదునుకి రెండు మంచి వానలు కురిశాయి. గట్టవతల చేను నేను మావా అని పిలిచే ఆయనది. అక్కడ కంకి పట్టకుండానే ఎండిపోయింది. ఊళ్ళో చాలామందిది ఆ గట్టవతలి కథే. పంట నష్టం డబ్బులొచ్చే కరువు జాబితాలో మా ఊరిని చేర్చమని అర్జీ రాసే పని నా మీద పడింది. నేనే మీద వేసుకున్నాను.

"ఊరి పంట మొత్తం పోయింది, పచ్చటి ఆకు లేదు" అని రాశాను. మేస్టారికి చూపించాను.

"మీ సేను ఎక్కడ రాసావు?" అన్నారు.

"రాయలేదండి."

"ఎందుకోసం?"

"అదొక్కటి రాస్తే మిగతావాళ్ళ కడుపు కొట్టినట్టే."

"సర్వేకి వచ్చినోడు రోడ్డు దిగగానే ముందర అగుపడేది మీ సేనేరా. వాన ప్యాచీగా పడిందని రాయి. మీ సేనుతోనే మొదలెట్టి, ఎవరిది పచ్చగున్నాదో ఎవరిది ఎండిందో వరసగా సెప్పు. అప్పుడు నీ ఎంట ప్రతి గట్టూ ఎక్కుతాడు."

అప్పుడు నేనన్న మాట ఎప్పటికీ వెనక్కి తీసుకోలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. "బతుకంతా సర్కారు జీతం తీసుకున్నారు, మీకు ఆళ్ళ భాషే వస్తాది. ఆకలికి ప్యాచీ ఉండదండి" అన్నాను.

ఆయన కాగితాన్ని మడత మీదే మడిచి నా చేతికిచ్చారు. "మంచినీళ్ళు తాగెల్లు" అన్నారు. నేను తాగలేదు.

సర్వేకి వచ్చిన అధికారి రోడ్డు మీదే ఆగాడు. మా మొక్కజొన్న నిలువెత్తున ఉంది. "ఇదెవరిది?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు, నేనూ పలకలేదు. నా అర్జీ తీసి "పచ్చటి ఆకు లేదని రాసారు గదా" అని పైకి చదివి, మా చేనుని ఫోనులో ఫొటో తీసుకుని జీపెక్కాడు. మావ చేను అక్కడికి నలభై అడుగులు. అటు నడవలేదు. జాబితా వచ్చింది, మా ఊరు లేదు.

మావ నన్ను తిట్టలేదు. "ఏటల్లుడా, మీ సేను మా సేనుకి అడ్డొచ్చీసినాది" అన్నాడంతే. ఆ తర్వాత ఊళ్ళో నాతో మాటలు తగ్గిపోయాయి. నేను వెళ్ళగలిగిన అరుగు ఒక్కటే మిగిలింది, అక్కడికి వెళ్ళే మొహం లేదు. మేస్టారు మా నాన్నతో రెండుసార్లు కబురు పెట్టారు, ఓపాలి వచ్చెళ్ళమని. వెళ్ళలేదు. చేల మధ్య గొడుగు గుచ్చుకుంటూ ఆయన కనబడితే సైకిలు వేరే దారి తిప్పేవాణ్ణి. ఒకసారి ఆయన వేలు అలాగే పెట్టుకుని, గొడుగు పైకెత్తి, రోడ్డు మీదున్న నాకేసి చూపించారు. ఇంత, అని. నేను చూడనట్టు తొక్కుకుంటూ పోయాను.

ఈ ఏడాదీ వాన అలాగే పడింది. ఈసారి నేను నోటుబుక్కు పట్టుకుని ఒక్కో చేనూ తిరిగాను. చాలా రోజులు పట్టింది. ఒక్కణ్ణే తిరిగాను, తోడు రమ్మని అడగడానికి ఎవరూ లేరు. ఎవరి చేను, ఏ గట్టు దాకా తడిసింది, ఎక్కడ ఎండింది అన్నీ రాశాను. నాలుగు కాగితాలయ్యాయి. మొదటి కాగితంలో పైన ఒక వరస ఖాళీ వదిలాను. అది మా చేను.

"మనది రాయకు. అందరికీ వచ్చి మనకి రాపోతే ఎలగరా? పోయినేడు నలుగురిలో నీ తల ఒంగిపోనాది, ఈ ఏడు నాది కూడా ఒంచుతావేటి?" అన్నాడు మా నాన్న.

ఈ ఏడాది కూడా వాన మా మీదే పడింది మరి. రాయాలా వద్దా అని మేస్టారిని అడుగుదామనుకున్నాను. ఆయన ఏమంటారో నాకు తెలుసు. తెలిసినదే ఆయన నోటంట వినాలని, విన్నాక ఆ మంచినీళ్ళు తాగాలని ఆ కాగితాలు పట్టుకుని చీపురుపల్లి వెళ్ళాను. అక్కడ నాన్న ఫోను వచ్చింది.

దహనానికి ఎక్కడెక్కడి నుంచో ఆయన పాత విద్యార్థులు వచ్చారు. విశాఖపట్నం నుంచి, నరసన్నపేట నుంచి కార్లలో. ఆయన వల్లే తామింతవాళ్ళమయ్యామని చెప్పుకుని ఏడ్చారు. అది నిజం. వాళ్ళు ముందు బెంచీలు. నేను వెనకాల నిలబడ్డాను.

పదోనాడు భోజనాలయ్యాక బయల్దేరుతుంటే అమ్మగారు పిలిచారు. గోడకి వేలాడుతున్న గొడుగు తీసి ఇచ్చారు.

"మబ్బేసింది బాబూ, అట్టుకెల్లు."

"రేపు తెచ్చిస్తానండి."

"తొందరేటున్నాది. దాన్ని అడిగీవోరెవరు?"

ఆ వీధి దాటకుండానే వాన పట్టుకుంది. గొడుగు విప్పలేదు. తడుస్తూ చేల వైపు నడిచాను. వాన నాతోపాటు మా చేను గట్టు దాకా వచ్చింది, అవతలికి దాటలేదు. వెలిసేదాకా అక్కడే నిలబడి, మొన నేలలో గుచ్చాను. మెత్తగా దిగింది. తీసి తుడిచి, గట్టు దాటి మావ చేనులో గుచ్చాను. గోరు మందం దిగి ఆగిపోయింది.

మావ ఆ చివర గట్టు మీద కూర్చుని మబ్బు వైపు చూస్తున్నాడు.

"మేస్టారి గొడుగేటి?" అన్నాడు.

"అవును మావా."

"ఎంత దిగినాది?"

చూపించాను.

"మరి మీ వైపు?"

అదీ చూపించాను. ఆయన రెండు కొలతలూ చూశాడు. "మీదీ రాస్తావేటి?" అన్నాడు.

"రాస్తాను."

ఆయన గట్టు మీద కొంచెం పక్కకి జరిగాడు. నేను కూర్చుని, చొక్కా లోపల పాలిథిన్ సంచిలో పెట్టుకున్న కాగితాలు తీసి, ఖాళీ వదిలిన వరసలో మా నాన్న పేరు రాశాను. పక్కన, పంట బాగుంది అని రాశాను. సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు.

లేచి, మావ చేనులో మరోసారి గుచ్చాను. ఆగిన చోట బొటనవేలు ఆనించి పైకి తీశాను. వేలు కదలకుండా గట్టు దిగి, రోడ్డెక్కి, ఏమీ ఆలోచించకుండా ఊళ్ళోకి నడిచాను. వీధి మలుపు తిరిగాక గాని ఎటు వచ్చానో తెలియలేదు. అరుగు మీద ఎవరూ లేరు. వంట గుమ్మం తలుపు దగ్గరగా వేసి ఉంది. చూరు నుంచి నీళ్ళు ఒక చోట పడుతున్నాయి, ఇంకో చోట ఆగిపోయాయి. గొడుగు పట్టుకుని అరుగు ముందు నిలబడ్డాను, మొన మీద వేలు తియ్యకుండా.