డ్రమ్‌గార్వలో వాన పడని శీతాకాలం

ఒకానొక ఏడు అక్టోబరు మొదలు ఫిబ్రవరి దాకా, లీట్రిమ్ సీమలోని డ్రమ్‌గార్వలో చుక్క వాన పడలేదు. ఆ కాలంలో అక్కడి ఏరు మూడుసార్లు వంతెన మీదుగా పారిందనీ, ఫాదర్ టియర్నీ రబ్బరు బూట్లతోనే పూజ చేశారనీ, కీనీ గారి గొర్రెలు రెండు కొట్టుకుపోయి పక్క ఊళ్ళో ఒడ్డెక్కాయనీ వాదించేవాళ్ళు లేకపోలేదు. ఆ వాదనలన్నిటికీ మలకీ గిల్‌రేన్ మేస్త్రి దగ్గర ఒకటే సమాధానం.

"అది వాన కాదు."

సూర్యుడు తిరగడం లేదు, భూమే తిరుగుతోందని మొదట చెప్పినవాళ్ళ తరవాత, అందరి కంటికీ కనిపించేదాన్ని అంత నిబ్బరంగా కాదన్న మనిషి ఈయనే అయ్యుంటాడు. వాళ్ళకి కనీసం దుర్భిణి ఉండేది. మలకీకి అరచెయ్యి ఒక్కటే ఆధారం. దాన్ని చాచి, రెండు క్షణాలు పట్టి, అందులో నిండిన నీళ్ళని పక్కకి ఒలకబోసి, తీర్పు చెప్పేవాడు. "కాస్త తేమ. పదకొండింటికి తెరిపిస్తుంది."

ఆ ఏడు ఆయన తీర్పులన్నీ శిరసావహించాల్సి వచ్చింది ఓర్లాకి. మేనత్త ఇచ్చిన పొలంలో ఆమే, భర్త డెక్లనూ ఇల్లు కట్టుకుంటున్నారు. డెక్లన్ వారంలో మూడు రోజులు పాల లారీ నడిపేవాడు, మూడు రోజులు మలకీ కింద రాళ్ళు మోసేవాడు. కాపురం పొలం చివర ఒక పాత క్యారవాన్‌లో. అందులో వాన లోపల ఎక్కువ పడుతుందా బయట ఎక్కువ పడుతుందా అన్నది గాలిని బట్టి ఉండేది. ఓర్లాకి మార్చిలో నెలలు నిండుతాయి. బిడ్డ వచ్చేలోగా ఇంటికి కప్పు పడాలి. ఆమెకి ఆ చలికాలమంతా వేరే ఆలోచన లేదు.

పునాదులు తవ్విన మూడో రోజే ఆమె పరుగున వచ్చింది.

"మేస్త్రీ! పునాదిలో బాతు ఈదుతోంది!"

మలకీ తొంగిచూశాడు. బాతు కూడా మలకీని చూసింది.

"కుర్రబాతు. దారి తప్పినట్టుంది. పదకొండింటికి వెళ్ళిపోతుందిలే."

అది వారం ఉంది. వెళ్ళేటప్పుడు ఇంకో బాతుని వెంటబెట్టుకుని వెళ్ళింది.

వాన అనే మాట వాడకుండా వానని వర్ణించడంలో మలకీకి ఉన్న శబ్దసంపద అపారం. సన్నటి తుంపరైతే "మెత్తటి రోజు." జల్లైతే "కొండ తల విదిలిస్తోంది." కుండపోతైతే "చెట్ల మీది పాత నీళ్ళు." దగ్గరలో ఉన్న చెట్టు మైలు దూరంలో ఉందని ఓర్లా గుర్తు చేస్తే, "పెద్ద చెట్టు" అనేవాడు. నవంబరులో వడగళ్ళు పడి, ఆయన చెవి మీద ఒకటి తగిలి బొప్పి కట్టినప్పుడు ఇక ఒప్పుకోక ఏం చేస్తాడని అందరూ చూశారు. మలకీ ఒక గడ్డని తీసి చూపించాడు. "ఇది పొడి సరుకు. తడి ఎక్కడుంది?"

ఆయన సహాయకుడు క్రిస్టీ మెక్‌గోల్డ్రిక్. ఇద్దరికీ అరవై దాటి చాలాకాలమైంది. మలకీ ఇటుక పేరుస్తూ ఉంటే క్రిస్టీ ఆయన మీద కాదు, ఇటుక మీద గొడుగు పట్టేవాడు. కట్టిన గోడకి ప్రతి సాయంత్రం గోనెపట్టాలు కప్పి, చంటిపిల్లకి దుప్పటి సర్దినట్టు అంచులు సర్దేవాడు. ఒకసారి గాలివాన పైనున్న టార్పాలిన్‌ని ఎగరేసుకుపోయింది. మర్నాడు కీనీ గారి ఆవు అది కప్పుకుని పొలంలో హుందాగా మేస్తూ కనిపించింది.

"ఇదీ వాన కాదా?" అన్నాడు డెక్లన్.

"గాలి. గాలంటే మంచిదే, ఆరుతుంది."

డెక్లన్ రేడియో తెచ్చి పరంజాకి తగిలించాడు. వాతావరణం చెప్పే ఆయన గొంతు వినగానే మలకీ జాలిపడ్డాడు. "పాపం, డబ్లిన్‌లో కిటికీ పక్కన కూచున్నట్టున్నాడు. అక్కడేదో పడుతున్నట్టుంది."

డిసెంబరు మధ్యలో ఓర్లాకి ఓపిక నశించింది. ఆ ఉదయం క్యారవాన్‌లో ఆమె దిండు తడిసింది, రొట్టె తడిసింది, అగ్గిపెట్టె తడిసింది. చీలమండల దాకా బురదలో నడుచుకుంటూ వచ్చి గోడ ముందు నిలబడింది.

"నేను మా అమ్మ దగ్గరికి ఆథ్లోన్ వెళ్ళిపోతున్నా. ఈ గోడలు ఆ బాతులకే ఇచ్చెయ్యండి."

మలకీ అరచెయ్యి చాచాడు. "పదకొండింటికి..."

"ఏ ఏడాది పదకొండింటికి మేస్త్రీ?"

క్రిస్టీ గొడుగు వెనక మొహం దాచుకున్నాడు. మలకీ మాత్రం ఆ ప్రశ్న గురించి శ్రద్ధగా ఆలోచించాడు. తరవాత గాజుగొట్టంలో బుడగ ఉండే రసమట్టాన్ని గోడ మీద పెట్టి ఆమెని పిలిచాడు. "ఇటు చూడమ్మా. ఇది నీ వంటింటి కిటికీ. బుడగ ఎక్కడుంది?"

"మధ్యలో."

"నీళ్ళలో కట్టిన గోడైతే బుడగ అలా నిలుస్తుందా?"

ఇందులో తర్కం ఏమీ లేదని ఆమెకి తెలుసు. అయినా కిటికీ ఉండబోయే ఖాళీలోంచి కొండ కనిపించింది. ఆథ్లోన్ ప్రయాణం ఆ రోజుకి వాయిదా పడింది. మర్నాడూ పడింది. జనవరికి గోడలు లేచాయి, వాసాలు పడ్డాయి, కప్పుకి వెయ్యాల్సిన నల్లరాతి పలకలు దిగాయి.

అప్పుడు రేడియో ఆయన ఒక విచిత్రమైన సంగతి చెప్పాడు. రెండు తుపాన్ల మధ్య ఒకే ఒక్క రోజు, గురువారం, ఎండ కాస్తుంది.

కాసింది. ఆకాశం అంత నీలంగా ఉంటుందన్న సంగతి మరిచిపోయిన డ్రమ్‌గార్వ ప్రజలు ఇళ్ళలోంచి వచ్చి చూశారు. తొమ్మిదింటికల్లా మలకీ కప్పు మీద, క్రిస్టీ పరంజా మీద, డెక్లన్ భుజాన పలకలతో నిచ్చెన మీద ఉన్నారు. ముగ్గురూ పని చేస్తే ఆ ఒక్క రోజులో కప్పు సగానికి పైగా పడుతుంది. ఈ రోజు జారిపోతే మళ్ళీ ఎప్పటికో.

ఆ రోజే ఓర్లా స్లైగో ఆసుపత్రికి వెళ్ళాలి. బిడ్డ అడ్డంగా ఉందని పోయినసారి డాక్టరమ్మ అంది. ఇప్పటికీ తిరక్కపోతే ఏం చెయ్యాలో చూద్దామంది. ఓర్లా కోటు వేసుకుని నిచ్చెన కిందికి వచ్చింది.

"నన్నూ రమ్మంటావా?" అన్నాడు డెక్లన్ పైనుంచి.

"ఎందుకూ? ఇలాంటి రోజు మళ్ళీ వస్తుందా? మధ్యాన్నానికి నేనే వచ్చేస్తాగా."

గొంతు చక్కగా, హుషారుగా ఉంది. డెక్లన్ నమ్మాడు. ఆమె కారు దగ్గరికి వెళ్ళి తలుపు తియ్యబోయింది. రాలేదు. తాళంచెవి మళ్ళీ తిప్పింది. రాలేదు.

కప్పు మీంచి చూస్తున్న మలకీ సుత్తి పక్కన పెట్టాడు. కళ్ళు చికిలించి సూర్యుణ్ణి ఒకసారి చూశాడు. అరచెయ్యి చాచాడు.

"వాన పడుతోంది."

క్రిస్టీ నోట్లో కరిచిపట్టుకున్న మేకులు కింద పడ్డాయి.

"ఏమిటీ?" అన్నాడు డెక్లన్.

"వాన. జోరుగా పడుతోంది. దిగు."

"మేస్త్రీ, ఎండ కాస్తోంది!"

"నలభై ఐదేళ్ళుగా ఈ పని చేస్తున్నా. ఏది వానో నువ్వు చెప్తావా నాకు? తడి రాయి మీద జారిపడితే ఎవడిది పూచీ?"

"తడెక్కడుంది? ముట్టుకుని చూడండి, ఎముకలా ఉంది!"

"పెద్దమేస్త్రి వాన అన్నాడంటే పని బందు. ఆ మాత్రం తెలీకుండానే మూడు నెలలు రాళ్ళు మోశావా? దిగి, కారు నువ్వు నడుపు." మలకీ గొంతు కాస్త తగ్గించాడు. "ఆ అమ్మాయి తిప్పుతున్నది క్యారవాన్ తాళంచెవి."

డెక్లన్ అటు చూశాడు. నిచ్చెన మెట్లు ఎన్ని దిగాడో, ఎన్ని దూకాడో అతనికే తెలీదు.

ఆసుపత్రిలో రెండు గంటలు కూచోబెట్టారు. ఆ రెండు గంటలూ ఓర్లా భర్త చెయ్యి వదల్లేదు. డాక్టరమ్మ వచ్చి, చూసి, బిడ్డ బుద్ధిగా తల కిందికి తిప్పుకుందని చెప్పింది. తిరుగుదారిలో ఓర్లా కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, ఇద్దరికీ బన్నులు కొనిపించింది.

వాళ్ళు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. దక్షిణం వైపు వాలు మొత్తం పలకలు పరుచుకుని నల్లగా మెరుస్తోంది. శిఖరం దగ్గర మలకీ చివరి వరసకి మేకులు కొడుతున్నాడు. ఒంటి మీద వానకోటు, మెడ దాకా బొత్తాలు, నెత్తిన టోపీ. రోజంతా అలాగే ఉన్నాడట. అన్న మాటకి కట్టుబడాలిగా.

"క్రిస్టీ గారూ, ఏమిటిది?" అంది ఓర్లా.

క్రిస్టీ నడుము పట్టుకుని నెమ్మదిగా కూచున్నాడు. "పోయిన ఏడు పశువుల డాక్టరు గారి బంగళా కట్టాం. ఆయన టౌనులో వెచ్చగా ఉండేవాడు. అక్కడ మలకీకి మబ్బు కనిపిస్తే చాలు, వాన పడేది. నాకు రొంపైతే వాన. కీనీ గారి ఆవు ఈనితే వాన. మలకీ చెల్లెలు ఊరి నుంచి వస్తే రెండు రోజులు ముసురు."

"మరి ఇక్కడ?"

"పక్కన క్యారవాన్లో మనుషులుంటే ఆయనకి వాన కనపడదమ్మా. ఎప్పుడూ అంతే."

మలకీ కిందికి దిగాడు. ఓర్లా బన్ను అందించింది. బిడ్డ సంగతి ఆయన అడగలేదు, ఆమె మొహం చూసి బన్ను కొరికాడు.

"వాన తెరిపిచ్చిందా మేస్త్రీ?" అంది ఓర్లా.

"ఎక్కడమ్మా. పొద్దుట్నించీ ఒకటే కురవడం."

కోటు విప్పి దులిపాడు. లోపలి వైపు నిజంగానే తడిసిపోయి ఉంది.

ఉత్తరం వాలు మరో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మళ్ళీ వాన పడలేదు. కాస్త తేమ, అంతే. ఫిబ్రవరి ఇరవైన కప్పు పూర్తయింది. మార్చి నాలుగున ఆడపిల్ల పుట్టింది.

గోడలకి పూత పుయ్యాల్సిన మనిషి మే నెల దాకా రాలేదు. వాళ్ళు ఇంట్లోకి మారింది జూన్‌లో.