ఒకే సంచి, ఇద్దరి కోత: పత్తికొండ నుంచి కడప సభకు

ఈ ప్రయాణానికి మూలం, నన్ను నా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టిన ఒక మధ్యాహ్నం. సంక్షేమ పథకాలు, కూలి, ఆడవాళ్ళ పని గురించి తెలుసుకుంటూ ఊరూరా తిరిగే పరిశోధకుల బృందం పోయిన వేసవిలో పత్తికొండ దగ్గరి మా ఊరికి వచ్చింది. నేను ఐదో తరగతి దాటలేదు. పేపరు చదవడం, దినఖర్చు రాసుకోవడం నాకు నేనే నేర్చుకున్నాను. పింఛను గురించైనా, ఉపాధి పని గురించైనా ఊళ్ళో అందరూ నన్నే అడుగుతారు. వీళ్ళూ నన్నే అడుగుతారని ఉతికిన చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాను. షాహీనా అనే పరిశోధకురాలు మాత్రం, "అన్నా, అక్క ఒక్కదానితోనే మాట్లాడాలి. మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అంది. లోపల నా భార్య ఉరుకుందమ్మ పొద్దు వాలేదాకా మాట్లాడింది. నాతో అంతసేపు ఎప్పుడు మాట్లాడిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మొన్న షాహీనా దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఊళ్ళలో విన్నదంతా జనం ముందు పెట్టి సరిచూసుకోవడానికి కడపలో సభ పెడుతున్నారట, ఉరుకుందమ్మ వచ్చి మాట్లాడాలట. ఏం మాట్లాడతావని అడిగితే, "ఆడికొచ్చి ఇను" అంది. తోడుగా వస్తున్నానని చెప్పి నేనూ బయల్దేరాను.

పొద్దున్నే ఐదింటి బస్సుకు పత్తికొండలో ఎక్కితే ఏడున్నరకల్లా కర్నూలులో దిగాం. అక్కడి నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉంటాయి. ఐదు గంటల పైమాటే పడుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఉచితం. నాకు మూడు వందలకు కాస్త తక్కువ అయింది. ఉరుకుందమ్మ చేతిలో సున్నా టికెట్ పెట్టి, నా దగ్గర నోట్లు తీసుకుంటూ కండక్టరు అడిగాడు, "ఏమప్పా, ఆయమ్మకు పని ఉండాదా, నీకా?"

"ఆయమ్మకే," అన్నాను.

"అయితే నువ్వు దుడ్లిచ్చి మరీ తోకలాగా పోతాండావే!"

బస్సులో ఆడవాళ్ళంతా నవ్వారు. ఉరుకుందమ్మ కిటికీ వైపు తిరిగింది గానీ ఆమె భుజాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది.

నంద్యాల బస్టాండు బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బొరుగులు మెత్తగా, మిరపకాయ బజ్జీ వేడిగా, ఇద్దరికీ కలిపి వంద లోపే. బాణలి దగ్గరున్న ముసలాయన, "యాడికి భాయ్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఉరుకుందమ్మ, "కడపకు. మీటింగులో మాట్లాడేదానికి," అంది.

"అచ్ఛా! ఏం మాట్లాడతావు భాయ్?" అని ఆయన మళ్ళీ నన్నే అడిగాడు.

"నేను కాదు," అన్నాను. ఆయన ఇంకో బజ్జీ తీసి ఆమె ఆకులో వేశాడు. నా ఆకులో వేయలేదు.

ఆమె ఏం చెబుతుందో నాకు ఒక అనుమానం ఉంది. మా వైపు జనం ఏటా మిరప కోతకు గుంటూరు వైపు వలస పోతారు. దాన్ని సుగ్గి అంటాం. కూలి కిలోల లెక్కన ఇస్తారు. మొగుడూ పెళ్ళాం ఒకే సంచిలోకి కోస్తారు, తూకం మగవాడి పేరున పడుతుంది. పోయినేడు ఆమె, "రెండు సంచులు పెడదామప్పా," అంటే నవ్వేసి ఊరుకున్నాను. పక్క సాలులో కోస్తూ ఆమె చేతుల వేగం రోజూ చూసేవాణ్ణి. విడిగా తూస్తే ఎవరిది బరువో నాకు ముందే తెలుసు. తూకం వేసే మేస్త్రీ ఆ అంకె గట్టిగా చదువుతాడు, మా ఊరి మగవాళ్ళంతా అక్కడే నిలబడి ఉంటారు.

కడప బస్టాండు నుంచి సభ జరిగే కాలేజీకి ఆటోలో యాభై రూపాయలు. గుమ్మంలోనే ఆమె మెడలో పేరున్న కార్డు వేశారు, షాహీనా చేయి పట్టుకుని ముందు వరుసకు తీసుకుపోయింది. నాకు వెనక, ఫ్యాను అందని చోట కుర్చీ దొరికింది. చాలామంది తర్వాత ఉరుకుందమ్మ వంతు వచ్చింది. మైకు చేతికిస్తే దాన్ని గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"ఇద్దరం ఒకే సంచికి కోస్తాం. తూకం మా ఇంటాయప్ప పేరున పడతాది. నేనెంత కోసినానో నాకే తెల్దు. ఈసారి నా సంచి నాకు కావాల."

వేదిక మీది అధికారి, "డబ్బు విడిగా కావాలనా అమ్మా?" అన్నాడు.

"దుడ్లు ఇంటికే వస్తాయి సార్. నేనెంత కోస్తానో నాకు తెలియాల, అంతే."

హాలంతా చప్పట్లు. నా చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా పేపర్లు చదివి నేను పోగుచేసుకున్న మాటలకు ఎవరూ ఒక్క చప్పట కొట్టలేదు. పక్కనున్నాయన, "ఆయమ్మ ఎవరో గానీ శానా బాగా చెప్పింది," అన్నాడు. మా ఆవిడే అని చెప్పడానికి నాకు కాసేపు పట్టింది.

సాయంత్రం తిరుగు బస్సులో మైదుకూరు దాటాక అడిగాను, "నీ సంచే బరువైతే?"

"ఐతే ఏమి? తూకం కాడికి మోసేది నువ్వే కదా!" అంది. నిజమే, సంచులు మోసేది ఎప్పుడూ మగవాళ్ళే. నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వింది. ఆళ్ళగడ్డ వచ్చేసరికి నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. మెడలో కార్డు ఇంకా తీయలేదు.

ఈర్ష్య పోయిందని రాస్తే అబద్ధం. ఆ మైకు, ఆ చప్పట్లు, చివరికి ఆ బజ్జీ కూడా ఇప్పటికీ గుర్తొస్తూనే ఉన్నాయి. కానీ ఆ రోజు అరుగు మీద కూర్చుని, లోపల నా గురించి ఏం చెబుతుందో అని భయపడ్డాను. ఆమె లోపల చెప్పింది తన గురించి. ఈ సుగ్గికి రెండు సంచులు కొన్నాం. ఒకదాని మీద ఆమె పేరు నేనే రాశాను, దూరం నుంచి కూడా కనబడేటట్టు.

కడపలో ఇలాంటి సభలకు పోయేవాళ్ళకు ఒక మాట. సాయంత్రం బయల్దేరితే కర్నూలులో దిగేసరికి ఊళ్ళకు బస్సులుండవు, మేం తెల్లారేదాకా బస్టాండులోనే కూర్చున్నాం. అందుకని వెళ్ళగానే నిర్వాహకులను కలిసి, మీ ఇంటావిడను ముందుగా మాట్లాడించమని అడగండి. ఆ రోజు నాకు నోరు రాలేదు. ఈసారి నేనే పోయి అడుగుతాను.