నాలుగో వంతెన దగ్గర కూర్చోవాలి

ఆమెను రేవులో అందరూ మైకక్క అంటారు. టికెట్లు చింపే ఆయన మొదలుకొని ఇంజను గదిలో నూనె మరకలు తుడిచే పెద్దాయన దాకా, వయసులో తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా ఆమె అక్కే. నగరం నడిమధ్య పారే నదిలో తిరిగే విహారపు పడవ మీద ఆమె గైడు. పై అంతస్తులో ముందు కమ్మీకి వీపు ఆనించి, చేతిలో మైకు పట్టుకుని, ఎదురయ్యే వంతెనల కథ చెప్పడం ఆమె పని. పందొమ్మిదేళ్ళుగా చెబుతోంది. రోజుకు ఐదు ట్రిప్పులు. ప్రతి ట్రిప్పులోనూ ఐదు వంతెనలు, ఒక గడియార స్తంభం, ఒక పాత నాణేల ముద్రణాలయం, ఇప్పుడు ఖరీదైన హోటలుగా మారిన ఒకప్పటి ధర్మాసుపత్రి, ఎవరికీ గుర్తులేని ఇద్దరు పాలకుల విగ్రహాలు. పడవ ప్రవాహం వెంట కిందికి పోయేటప్పుడు కథ, ఎదురీదుతూ వెనక్కి వచ్చేటప్పుడు పాటలు. ఆ పాటలు వేసినంతసేపే ఆమెకు గొంతు తడుపుకునే తీరిక.

ఐదు వంతెనల్లో నాలుగోది అన్నిటికన్నా పాతది. రాతి కమానులు. అది కట్టిన రోజుల్లో దాని కింద రెండంతస్తుల పడవలు తిరుగుతాయని ఎవరు కలగన్నారు? పై అంతస్తులో నిలబడ్డవాడి తల కమానుకు తగులుతుంది. కూర్చున్నవాడికి ఏ భయమూ లేదు. కానీ షికారుకు వచ్చిన జనాన్ని కూర్చోబెట్టడం మాటలు కాదు. "కూర్చోండి" అంటే ఒకడు కూర్చుంటాడు, ఎందుకు కూర్చోమంటున్నారో చూద్దామని నలుగురు లేస్తారు. ఉద్యోగంలో చేరిన ఏడాదే మైకక్కకు ఈ సంగతి అర్థమైపోయింది. అప్పటినుంచి ఆమె ఎవరినీ కూర్చోమనలేదు. వంతెన ఇంకా నూరు గజాల దూరం ఉండగానే గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు మొదలుపెడుతుంది.

"ఈ కమాను అడుగున, రాళ్ళు చెక్కినాయన ఒకాయన తన అరచెయ్యి బొమ్మ చెక్కి పోయాడండీ. పై అధికారుల కంట పడకుండా చెక్కాడు. నిలబడి వెతికితే దొరకదు. బెంచీ మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి చూడాలి."

అంతే. అరవైమంది బెంచీలకు అతుక్కుపోతారు. తిరిగి వచ్చేటప్పుడు, మళ్ళీ చూద్దామని, ఎవరూ చెప్పకుండానే కూర్చుంటారు. అరచెయ్యి నిజంగానే ఉంది. దాన్ని కనిపెట్టింది ఆమే. ఆఫీసువాళ్ళు చేతికిచ్చిన కాగితాల్లో ఆ ముక్క లేదు. ఆ మాటకొస్తే, ఆ ముక్క అరవై తలలను కాపాడుతోందన్న సంగతి కూడా ఆఫీసువాళ్ళకు తెలియదు. తెలిసిందల్లా పడవ నడిపే సరంగుకే, రేవు మొత్తంలో ఆమెను చెల్లెమ్మా అని పిలిచేది ఆయనొక్కడే. ఆయన గాజు కిటికీలోంచి ఆమె పెదవులు కదలడం చూసి, ఇంజను వేగం తగ్గిస్తాడు.

పోయినేడు చలి వెనకబట్టేసరికి ఆమె గొంతు బొంగురుపోవడం మొదలైంది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మిరియాలు నమిలింది. సాయంత్రానికి గొంతులోంచి మాటకు బదులు గాలి వచ్చేది. డాక్టరు లోపలికి దీపం వేసి చూసి, స్వరపేటిక మీద కాయలు కాశాయి, నెల రోజులు నోరు విప్పకూడదన్నాడు.

"మా ఇంట్లో మేమిద్దరమే డాక్టరుగారూ, నేనూ మా అమ్మా. ఆవిడకు చెవుడు. ఇంట్లో కూడా మైకు లేకపోతే కుదరదు" అంది.

డాక్టరు నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. చేతులతో పనిచేసే మనిషికి చెయ్యి విరిగితే కట్టు కడతారు, సెలవిస్తారు. గొంతుతో బతికే మనిషికి గొంతు పోతే అది జబ్బుల లెక్కలోకి రాదు. మాట్లాడటం కూడా ఒక పనేనా అంటారు! ఆ కంపెనీలో గైడులకు జీతంతో సెలవన్నదే లేదు. నెల రోజులు రాకపోతే ఆ కమ్మీ దగ్గర ఇంకొకరు నిలబడతారు. అందుకని డాక్టరు రాసిచ్చిన చీటీని ఆమె బియ్యం డబ్బా కింద దాచింది. రేవులో ఎవరడిగినా, "మంచుకు పట్టేసింది" అని చెప్పింది.

అలాంటప్పుడే మేనేజరు ఆమెను ఆఫీసుకు పిలిపించి, ఎన్నడూ లేనిది కుర్చీ చూపించాడు.

"మీ గొంతు చూస్తుంటే జాలేస్తోందమ్మా. ఒక్కసారి అంతా రికార్డు చేసేద్దాం. పెట్టె మాట్లాడుతుంది, మీరు విశ్రాంతి తీసుకోండి. ఉద్యోగం ఎక్కడికీ పోదు."

పోదన్న మాట విని ఆమె ప్రాణం కుదుటపడింది. కాగితం చదవకుండానే సంతకం పెట్టింది.

ఈ సంగతి తెలిసి సరంగు నెత్తి కొట్టుకున్నాడు. "ఎంత పని చేశావు చెల్లెమ్మా! ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య. మనం ఓడ మీద బతికేవాళ్ళం, మనకు కూడా ఈ సామెత ఒకరు చెప్పాలా?"

"పోనీలే అన్నా. గొంతు ఉంటేగా ఓడ ఎక్కేది."

వేసవిలో మూడు మధ్యాహ్నాలు ఒక అద్దాల గదిలో రికార్డింగు జరిగింది. అంతకు ముందే మేనేజరు గడియారం పట్టుకుని పడవలో ఒక ట్రిప్పు తిరిగి, ఏ నిమిషానికి ఏ వంతెన వస్తుందో రాసుకున్నాడు. నది అప్పుడు ఎండకు సోలి, కదిలీ కదలనట్టు పారుతోంది. మైకక్క మరిగించిన నీళ్ళు తాగుతూ, గొంతు తేరుకున్నప్పుడల్లా ముక్క ముక్కగా చెప్పుకుంటూ పోయింది. రెండో వంతెన దాటాక వచ్చే కరకట్ట గోడ దగ్గర ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "ఈ గోడకు రాళ్ళు మోసినవాళ్ళు నాలుగు వందల మంది. అందులో మా అమ్మ ఒకతి."

అద్దానికి అవతలినుంచి మేనేజరు చెయ్యి ఊపాడు. "అది స్క్రిప్టులో లేదమ్మా."

"నిజమే కదండీ."

"నిజమే. స్క్రిప్టులో లేదు."

అరచెయ్యి దగ్గరా అదే తంతు. "అదీ వద్దు. ప్రయాణికులు దయచేసి కూర్చోవలసిందిగా మనవి అనండి, చాలు."

"అలా అంటే కూర్చోరండీ."

"మనిషి చెబితే వినరు గానీ, పెట్టె చెబితే వింటారమ్మా. రైల్వే స్టేషనులో చూడ్డంలేదూ?"

ఇద్దరు పాలకుల విగ్రహాలకు మాత్రం నిమిషమున్నర దక్కింది. వాళ్ళు స్క్రిప్టులో ఉన్నారు.

మర్నాటి నుంచి పై అంతస్తులో స్తంభానికి బిగించిన పెట్టె మాట్లాడింది. మైకక్క కింది అంతస్తులో టీ కౌంటరు దగ్గరికి మారింది. ఉద్యోగం పోలేదు నిజమే. పేరు మారింది, పని మారింది, జీతం మూడోవంతు తగ్గింది. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని పైకి వెళ్తే, ఆమె గొంతే ఆమె తల మీదుగా వినిపించేది. ఒకావిడ టీ తీసుకుంటూ, "ఆ గొంతు ఎవరిదోగానీ తేనె పోసినట్టుంది కదా. మీకేమైంది, జలుబా?" అని అడిగింది. మైకక్క తలూపి, పళ్ళెం పక్కవాళ్ళ ముందుకు జరిపింది. ఆ సాయంత్రం తల్లికి ఇదంతా సైగలతో చెబితే, ముసలమ్మ "పోనీలే, నాకింకేమీ వినపడదని నువ్వు విసుక్కునే బాధ తప్పింది" అంది.

వానలు పడ్డాయి. నది నిండింది. నిండిన నదిలో రెండు సంగతులు జరుగుతాయి. పడవ ప్రవాహంతోపాటు జోరుగా పోతుంది. నీళ్ళు పైకి వచ్చినకొద్దీ వంతెన కిందికి దిగుతుంది. రేవులో పుట్టిన పిల్లి కూడా ఎరుగును ఈ సంగతి. వేసవిలో గడియారం పట్టుకుని తిరిగినాయనకు మాత్రం తట్టలేదు.

ఆ రోజు పైన ఉపాధ్యాయుల బృందం ఒకటి ఎక్కింది. సెలవు రోజు, గోలగోలగా ఉంది. మైకక్క పద్నాలుగు గ్లాసుల్లో టీ పోసి, పళ్ళెం ఎత్తుకుంది. కిటికీలోంచి పాత సంత మెట్లు కనబడ్డాయి. సంత మెట్లంటే నాలుగో వంతెన రెండు నిమిషాల్లో ఉందన్నమాట. పైన పెట్టె, అదే ఆమె గొంతు, తీరిగ్గా చెబుతోంది. "మీ కుడివైపున కనిపించేది పాత నాణేల ముద్రణాలయం..."

ముద్రణాలయం దాటి చాలాసేపైంది.

ఆమె పళ్ళెంతోనే మెట్లెక్కింది. పైన సగంమంది నిలబడే ఉన్నారు, ముద్రణాలయం ఎక్కడా అని మెడలు తిప్పుతూ. ముందు కమ్మీ దగ్గర భారీ మనిషి ఒకాయన పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి, భార్యకు ఫోటో తీస్తున్నాడు. ఆయన వెనక రాతి కమాను పెరుగుతూ వస్తోంది. మైకక్క నోరు తెరిచింది. అరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

పళ్ళేన్ని చెక్క నేల మీదికి విసిరికొట్టింది. పద్నాలుగు గ్లాసులు భళ్ళుమన్నాయి. అందరూ ఉలిక్కిపడి ఇటు తిరిగారు. రెండు అరచేతులూ కిందికి ఊపుతూ తనే నేల మీద కూలబడింది. ముందు వరుసలో ఎవరో అర్థం చేసుకుని కూర్చున్నారు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు. సరంగు హారను మోగించి ఇంజను వెనక్కి తిప్పాడు. పడవ ఒణికింది కానీ ప్రవాహం ఆగనివ్వలేదు. మైకక్క పాకి వెళ్ళి, ఆ భారీ మనిషి చొక్కా పట్టుకుని కిందికి గుంజింది. ఆయన బెంచీ మీద పడ్డాడు.

"ఏమ్మా, ఒంటి మీద తెలివుందా? మనిషి మీద పడి..."

మాట పూర్తికాలేదు. చీకటి కమ్మింది. తడి రాయి ఆయన ముఖానికి జానెడు ఎత్తులో, మెల్లగా, చాలాసేపు జరిగిపోయింది. మళ్ళీ వెలుతురు వచ్చేసరికి ఆయన రెండు చేతులతో నెత్తి పట్టుకుని ఉన్నాడు. వంతెన దాటిన ఆరు నిమిషాలకు పెట్టె మర్యాదగా పలికింది: "ప్రయాణికులు దయచేసి కూర్చోవలసిందిగా మనవి." ఎవరూ నవ్వలేదు.

మేనేజరు ముందుగా గ్లాసుల సంగతి ఎత్తాడు. సరంగు జరిగిందంతా చెప్పాక, గ్లాసులు వదిలేసి నుదురు తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు, తన పైవాళ్ళకు జవాబు చెప్పుకోవలసిన జీతగాడే. కాకపోతే ఆయన భయం ఎప్పుడూ పైకే చూస్తుంది, కిందికి చూడదు.

"మూడు రకాలుగా రికార్డు చేద్దామమ్మా. నీళ్ళు తక్కువున్నప్పటికి ఒకటి, మధ్యస్థానికి ఒకటి, నిండుగా ఉన్నప్పటికి ఒకటి."

"నది మీ ఆఫీసులో పనిచేస్తోందా సార్, మూడు షిఫ్టుల్లో రావడానికి?" అన్నాడు సరంగు.

మైకక్క గుసగుసగా అంది. "నేను మళ్ళీ రికార్డు చెయ్యనండీ."

"గొంతు బాగయ్యాకే చేద్దాం."

"బాగయ్యాక అసలు చెయ్యను. జనం కూర్చున్నారో లేదో పెట్టె చూడలేదు. పైన మనిషి ఉండాలి."

"అంటే మీ పాత ఉద్యోగం మీకు కావాలి."

"అవునండీ, కావాలి. అందులో దాపరికమేముంది?"

మేనేజరు కుదరదన్నాడు. గైడు పైన నిలబడకుండా నాలుగో వంతెన కింద పడవ నడపనని సరంగు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం కింద మిగతా రెండు పడవల సరంగులూ సంతకాలు పెట్టారు. రెండు రోజులు మూడు పడవలూ రేవులో కట్టేసే ఉన్నాయి. జనం వచ్చి, తిట్టి, పోయారు. ఆ రెండు రోజులూ మైకక్క ఇంట్లో నోరు కట్టేసుకుని పడుకుంది. పోరాడుతున్నట్టు ఆమెకేమీ అనిపించలేదు. ఒళ్ళంతా నొప్పులు, అంతే.

మూడోనాడు ఉత్తర్వు వచ్చింది, ఆమెను ఆఫీసుకు పిలిపించారు. సరంగు దాన్ని గాలిలో ఊపుతూ వచ్చాడు. "గెలిచాం చెల్లెమ్మా! సంతకం గీకెయ్, ట్రిప్పుకు టైమైంది."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చదివింది. "ఇందులో నాలుగు నెలలు అని ఉందేంటండీ?"

"నది నిండుగా ఉండేది నాలుగు నెలలే కదమ్మా" అన్నాడు మేనేజరు. "మిగతా ఎనిమిది నెలలకు పెట్టె చాలు. అప్పుడు మీరు టీ చూసుకోవచ్చు."

"ఎండాకాలంలో మనుషులు పొట్టివాళ్ళైపోతారా?"

మేనేజరు కలం ఆమె ముందుకు జరిపాడు. సరంగు నీరసంగా బల్ల మీద చెయ్యి ఆనించాడు. "ముందు పెట్టెయ్యమ్మా. మిగతాది తర్వాత చూద్దాం. అందరం అలిసిపోయాం."

"నేనూ అలిసిపోయానన్నా. అలిసిపోయినప్పుడు పెట్టిన సంతకం ఎట్లా ఉంటుందో ఒకసారి చూశాను." కాగితాన్ని మేనేజరు వైపు జరిపింది. "పన్నెండు అని రాసినప్పుడు పిలవండి."

"మరి ఇవాళ్టి ట్రిప్పు?"

"జనం ఎక్కి కూర్చున్నారు. వాళ్ళదేం తప్పు? మైకు ఇవ్వండి."

రేవు స్తంభం మీద నీళ్ళ గుర్తు నిన్నటికన్నా బెత్తెడు పైకి వచ్చింది. ఆమె అది చూసుకుని, పైకెక్కి పెట్టె తీగ పీకేసింది. ఉన్న గొంతు కాస్తే కాబట్టి విగ్రహాలను వదిలేసింది. గడియార స్తంభానికి రెండు మాటలు చాలనుకుంది. మధ్య మధ్య మౌనంగా ఉంటే, జనం తమంతట తామే చూసుకున్నారు. సంత మెట్లకు చాలా ముందే మైకును పెదవులకు ఆనించి, చెక్కినాయన అరచెయ్యి సంగతి గుసగుసగా మొదలుపెట్టింది. ఆ గొంతుతో అది నిజంగానే రహస్యంలా వినపడింది. వినడానికి అందరూ ముందుకు వంగారు, ఆ తర్వాత కూర్చున్నారు. ఆఖరివాడు కూర్చునేదాకా లెక్కపెట్టి, తనూ మెట్టు మీద చతికిలబడింది.

కమాను కిందికి పోగానే చల్లగా తగిలింది. అందరూ తలలు వెనక్కి వాల్చి చెయ్యి కోసం వెతుకుతున్నారు. మైకక్క మైకును ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎవరో చిన్నపిల్ల "అదుగో!" అని అరిచింది. వెలుతురు రెప్పల మీద పడింది. ఇంకా ఐదో వంతెన ఉంది, ఇంకా నాలుగు ట్రిప్పులున్నాయి. కమ్మీ పట్టుకుని లేచింది.